హెప్సిబా మేడం సాక్ష్యం

డాక్టర్ హెప్సిబాకి కోర్టంటే ఇష్టం. ఈ మాట వింటే సాటి డాక్టర్లు నవ్వుతారు, లాయర్లు అనుమానంగా చూస్తారు. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, అరవై నాలుగో ఏట కూడా కోర్టు సమన్లు అందితే శుభలేఖ అందినట్టు రెండుసార్లు చదువుకుంటుంది. ముద్దాయికి మతి స్థిమితం ఉందా, వీలునామా రాసిన రోజున పెద్దాయన తెలివిలోనే ఉన్నాడా, భర్త ‘పిచ్చిది’ అంటున్న ఇల్లాలికి నిజంగా జబ్బేనా? ఇలాంటివి చెప్పడానికి బందరు నుంచి నందిగామ దాకా ఆవిడ బోనెక్కని కోర్టు లేదు.

“ఆసుపత్రిలో నేనేం చెప్పినా తలకాయ ఊపుతారు. కోర్టులో ‘ఎందుకు’ అని అడుగుతారు. ఆ ప్రశ్న వినడానికైనా వెళ్ళాలి” అంటుంది.

ఆవిడ పనికో పద్ధతుంది. కోర్టుకి ఇచ్చే అభిప్రాయం ముందు తెలుగులో రాస్తుంది. రాసింది బుల్లెమ్మకి చదివి వినిపిస్తుంది. బుల్లెమ్మ ఆసుపత్రిలో ఆయాగా ఉండేది. మేడం రిటైరయ్యాక బెంజ్ సర్కిల్ వెనక సందులో పెట్టుకున్న ఈ రెండు గదుల క్లినిక్కి తానూ వచ్చేసింది. బందరు వైపు చేపలమ్ముకునే కుటుంబం, బడికి వెళ్ళింది మూడేళ్ళే. ఆమెకి అర్థమైతే ఆ కాగితం ఇంగ్లీషులోకి మారుతుంది, కాకపోతే చిరిగి బుట్టలోకి పోతుంది. “నాకర్థం కాలేదంటే ఆ జడ్జిగారిక్కూడా కాదమ్మా, ఆయన పైకి అనడు, అంతే” అని బుల్లెమ్మ ఒకసారి అంది. ఆ మాటని హెప్సిబా ఏటా పీజీ విద్యార్థులకి మొదటి క్లాసులో చెప్పేది.

పోయిన జూన్‌లో బ్లెస్సీ అనే కుర్ర లాయరు ఒక లావుపాటి ఫైలు చంకన పెట్టుకుని వచ్చింది.

“ఆరుగురు డాక్టర్లని అడిగానండీ. ఎవ్వరూ సాక్ష్యానికి రామంటున్నారు. ఒకాయనకి నడుం నొప్పంట, ఒకాయన కూతురికి కాన్పంట. ఒకాయనైతే సాటి డాక్టరు మీద చెప్పడం పాపం అన్నారండీ.”

“పాపమా? పది ఆజ్ఞల్లో ఎన్నోది?” అంది హెప్సిబా.

వైద్యుడు దేవుడితో సమానమన్న సంగతి డాక్టర్లకి మామూలు రోజుల్లో అంతగా గుర్తుండదు. ఎవరిమీదైనా కేసు పడినప్పుడు మాత్రం అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది. హెప్సిబాకి ఈ రకం భక్తి పడదు. ఫైలు అందుకుంది.

ఉయ్యూరు దగ్గర పల్లెలో శౌరమ్మ అనే నలభై మూడేళ్ళ ఆవిడ. చెరుకు పనికి వెళ్తుంది. కొన్ని నెలలు నిద్ర లేకుండా పూనకం వచ్చినట్టు తిరగడం, కొన్ని నెలలు మంచం దిగకపోవడం ఆమె జబ్బు. లిథియం మాత్రలు మొదలుపెట్టాక మూడేళ్ళు కుదురుగా ఉంది. రెండేళ్ళ కిందట మార్చిలో చేతులు వణికాయి, కాళ్ళు తడబడ్డాయి, ఒక పొద్దున పొయ్యి దగ్గర స్పృహ లేకుండా పడిపోయింది. రక్తంలో లిథియం ఉండాల్సిన దానికి మూడింతలుంది. ప్రాణం దక్కింది గానీ వణుకు, తూలు నడక అలాగే ఉండిపోయాయి. వైద్యం చేసిన డాక్టరు నిర్లక్ష్యం అంటూ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. ఆ డాక్టరు తరఫు జవాబులో ఒక వాక్యం ఉంది: రోగి చనిపోయే ఉద్దేశంతో మాత్రలు ఎక్కువగా మింగి ఉండాలి.

డాక్టరు పేరు దగ్గర హెప్సిబా వేలు ఆగింది. హేమసుందర్. ఆవిడ దగ్గరే మూడేళ్ళు చదివాడు.

“ఈ అబ్బాయికి పాఠం చెప్పింది నేనే. ఆ సంగతి నా అభిప్రాయంలో మొదటి లైనులోనే రాస్తాను. నీకు అభ్యంతరమా?”

“లేదండీ” అంది బ్లెస్సీ, గొంతులో మాత్రం కొంచెం బెరుకుంది.

ఆ శనివారం మొగుడూ పెళ్ళాలు వచ్చారు. మొగుడి పేరు ఇన్నయ్య. ఆటోనగర్‌లో లారీ బాడీలకి రంగులేస్తాడు. గోళ్ళ చివర ఆకుపచ్చ రంగు ఇంకా వదల్లేదు. శౌరమ్మ గోడ పట్టుకుని, కాళ్ళు ఎడంగా వేస్తూ వచ్చి కూచుంది. ఒళ్ళో కుడిచెయ్యి దానంతటది కదులుతుంటే ఎడమచేత్తో అదిమి పట్టుకుంది.

“ఈ కేసులో నీకేం కావాలమ్మా?” అంది హెప్సిబా.

“నేను మింగలేదని రాయాలండీ.”

“అంతేనా?”

“అంతే. మిగతాది లాయరమ్మ చూసుకుంటది.”

“నువ్వేమంటావయ్యా?”

ఇన్నయ్య నేల చూపులు చూశాడు. “మాత్రలు నేనే ఇచ్చేవాణ్ణండీ రోజూ. అయినా మా రావమ్మేమో...”

“రావమ్మెవరు?”

“మా చెల్లెలండీ, ఉయ్యూరు. ఒంట్లో అంత మందుందంటే కావాలని మింగితేనే అని ఎవరో చెప్పారంట దానికి.”

“ఈయన చెల్లెలు ఊరంతా చెప్పింది” అంది శౌరమ్మ. మాట మెల్లగా, ఒక్కో ముక్కా ఏరుకున్నట్టు వస్తోంది. “చర్చిలో నా పక్కన చాప ఖాళీగా ఉంటదండీ. చావబోయిన మనిషినంట. ఈయన కూడా కత్తిపీట దాచేసి పనికెళ్తాడు. కూర తరుక్కోవాలంటే పక్కింటికెళ్ళి అడుక్కోవాలి.”

“భయమండీ నాకు” అన్నాడు ఇన్నయ్య.

“భయం కాదు, అనుమానం” అంది శౌరమ్మ.

హెప్సిబా ఇన్నయ్యని టీ తాగి రమ్మని పంపేసింది. తరవాత తన మామూలు పని మొదలెట్టింది. ఏ రోగినైనా ఒక్క రోజు గురించే అడుగుతుంది, లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా. జబ్బు గురించి అడిగితే మనుషులు డాక్టర్ల భాష మాట్లాడతారు, రోజు గురించి అడిగితే తమ భాష మాట్లాడతారు అని ఆవిడ నమ్మకం.

“పడిపోకముందు వారం, ఒక రోజు చెప్పు. ఏం వండావో, ఏం తిన్నావో కూడా.”

“నాలుగింటికి లేచానండీ. ఆయనకి చద్దన్నంలో పచ్చడేసి పెట్టా. చెరుకు కొట్టుడుకెళ్ళా. ఒకటే ఎండ, జాకెట్టు పిండితే నీళ్ళే. ఇంటికొచ్చి దోసకాయ పప్పు వండా. నా వాటా ముందు తీసుకున్నా...”

“ముందంటే?”

శౌరమ్మ ఆగిపోయింది. మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ బుల్లెమ్మ అందుకుంది. “ఉప్పెయ్యకముందు. అంతేనా పిల్లా?”

“అది చెప్పుకోకూడదండీ” అంది శౌరమ్మ కోపంగా.

“ఎవరికి?”

“ఎవ్వరికీ. ఈస్టరుకి ముందు తపస్సు కాలం నలభై రోజులూ చప్పిడి తింటానని మేరీమాతకి మొక్కుకున్నా. చాటుకుంటే ఇంక ఉపవాసమేంటండీ? అందుకే అందరికీ ఉప్పేసి వండి, నాది ముందే తీసి పెట్టుకునేదాన్ని. ఈయనక్కూడా తెలీదు.”

“మొక్కు దేనికమ్మా?”

“మూడేళ్ళు బాగున్నా గదండీ. ఆ మాత్రలు ఒంటికి పడ్డందుకు.”

హెప్సిబా పెన్ను పక్కన పెట్టింది. లిథియం కూడా ఒక ఉప్పే. ఒంట్లో మామూలు ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటాయి; చెమట ధారలు కట్టే ఎండలో ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. మింగే మాత్ర మారదు, రక్తంలో మందు మాత్రం రోజురోజుకీ పేరుకుంటుంది. ఈ సంగతి ఆవిడ ఎన్ని బ్యాచ్‌లకి చెప్పిందో లెక్కలేదు. కానీ చప్పిడి మొక్కు అనేది ఒకటుందని మాత్రం ఇప్పుడే వింటోంది. ఆవిడ లూథరన్ల ఇంటి బిడ్డ. వాళ్ళింట్లో ఆ నలభై రోజులంటే మాంసం మానడం, సాయంత్రం కూడికలకి వెళ్ళడం. పక్క వీధి కతోలికుల కంచంలో ఏముందో ఆవిడ ఏనాడూ తొంగి చూడలేదు. రోగిని పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలుసుకోవాలని ఉపన్యాసాలిచ్చిన మనిషే.

“ఇది రాయాలి శౌరమ్మా.”

“రాస్తే మొక్కు పోదాండీ?”

“ఆ మొక్కు వల్లే పడిపోయావు. ఇంక దాన్ని దాచి ఎవర్ని కాపాడతావు? నువ్వు మింగలేదని చెప్పాలంటే, మరెలా పెరిగిందో చెప్పాలి కదా.”

శౌరమ్మ మజ్జిగ గ్లాసు అందుకుంది. తాగడానికి రెండు చేతులూ వాడి, అయినా సగం పైట మీద ఒలకబోసుకుంది. మూతి తుడుచుకుని, “అయితే రాయండి. పెద్దక్షరాలతో” అంది.

వాళ్ళు వెళ్ళాక హెప్సిబా ఫైల్లో హేమసుందర్ కేస్‌షీటు తీసింది. పడిపోవడానికి ఆరు రోజుల ముందు ఇన్నయ్య భార్యని అతని దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆనాటి పేజీ తెలుగులో ఉంది. ‘చేతులు పది రోజులుగా వణుకుతున్నాయంటోంది. రెండు రోజులుగా వాంతులు. కాళ్ళు తేలిపోతున్నాయంటోంది.’ రోగి మాట రోగి మాటల్లోనే రాయమని అతనికి నేర్పింది తనే. అతను పొల్లు పోకుండా రాశాడు. కింద వణుకు తగ్గడానికి ఒక మాత్ర రాశాడు. రక్తపరీక్ష రాయలేదు. లిథియం ఆపలేదు.

ఆవిడ ఆ పేజీని రెండుసార్లు చదివి, ఒకసారి మురిసిపోయి, ఒకసారి బల్ల మీద అరచేత్తో కొట్టింది.

రాసిన అభిప్రాయం విని బుల్లెమ్మ కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది.

“హేమసుందర్ బాబు మంచోడమ్మా. మావాళ్ళల్లో డాక్టరు చదివింది అతనొక్కడే. నా కళ్ళజోడు అతను కొనిపెట్టిందే.”

“మంచోడే. నేను కాదన్నానా? చదివింది అర్థమైందా లేదా?”

“అయింది. అందుకేగా బాధ.”

వాయిదాకి ముందు ఆదివారం హేమసుందర్ వచ్చాడు. హెప్సిబా అప్పుడే చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది. అతను గుమ్మం బయటే నిలబడ్డాడు, ముప్ఫై ఎనిమిదేళ్ళ డాక్టరు, వైవా పరీక్షకి వచ్చినట్టు.

“అన్నం తిని వెళ్ళు. కేసు మాట ఎత్తావంటే కమిషన్‌కి చెప్తా.”

తిన్నాడు. బుల్లెమ్మ అడక్కుండానే రెండోసారి పులుసు పోసింది. చెయ్యి కడుక్కుంటూ, ఆవిడ వైపు చూడకుండా అన్నాడు: “ఒక్క మాట మేడం. ఆ పేజీ బాగోలేదు, మార్చే వీలుందేమో చూడండి అన్నారు మావైపు వాళ్ళు. బాగోకపోయినా అదే పేజీ అన్నాను.”

“ఇంకొక్క ముక్క మాట్లాడకు” అంది హెప్సిబా. గొంతు ఆవిడ అనుకున్నంత కటువుగా రాలేదు. “టవలు అక్కడుంది.”

కమిషన్ హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప గాలి లేదు. అధ్యక్షుడు మధ్యలో, ఇద్దరు సభ్యులు అటూ ఇటూ. డాక్టరుకి బీమా ఇచ్చిన కంపెనీ తరఫున వెంకటకృష్ణారావు లేచాడు. డాక్టర్ల కేసుల్లో పండిన లాయరు, మర్యాదతోనే మనిషిని పడగొడతాడు.

“మేడం గారూ, మీ అంతటివారిని అడిగేంతటివాణ్ణి కాదు. అంత మందు ఒంట్లో ఉందంటే ఎక్కువ మింగినట్టే కదండీ?”

“కాదండీ. ఒక్కసారి మింగితే ముందు కడుపు తిరుగుతుంది, నరాల దాకా రావడానికి టైము పడుతుంది. ఈమెకి ముందు చేతులు వణికాయి, ఎనిమిది రోజులకి వాంతులు, ఆ తరవాత కాళ్ళు. అంటే మెల్లగా పేరుకుంది. ఆసుపత్రిలో చేర్చిన రోజు మిగిలిన మాత్రలు లెక్కపెట్టి రాశారు, ఉండాల్సినన్నీ ఉన్నాయి. ఆ కాగితం మీ ఫైల్లోనే ఉంది, పందొమ్మిదో పేజీ.”

ఆయన పందొమ్మిదో పేజీ జోలికి వెళ్ళలేదు.

“చప్పిడి తిన్నానని ఆమె ఎవరికీ చెప్పలేదని మీరే రాశారు. దాచిపెట్టిన సంగతి డాక్టరుకెలా తెలుస్తుందండీ?”

“అడిగితే తెలుస్తుంది.”

“ఓహో. మరి మీరు ఇన్నేళ్ళలో లిథియం ఇచ్చిన వాళ్ళల్లో ఎంతమందిని అడిగారు, మొక్కులేమైనా ఉన్నాయా అని?”

వెనక బెంచీలో బ్లెస్సీ కళ్ళు మూసుకుంది.

“ఒక్కర్నీ అడగలేదండీ.”

“ఒక్కర్ని కూడా!” వెంకటకృష్ణారావు అధ్యక్షుడి వైపు తిరిగాడు, పండగ వచ్చినట్టు. “గురువుగారికే రాని పాఠం శిష్యుడికెక్కణ్ణుంచి వస్తుందండీ?”

“రాదు. ఆ లోటు నాదే, రాసుకోండి. ఉప్పు తగ్గించొద్దని రోగికి చెప్పాలని నేర్పాను. అతను ఇంగ్లీషు కాగితం ఒకటి చేతిలో పెట్టాడు, ఐదో తరగతి చదివిన మనిషి చేతిలో. పోనీ, అదీ వదిలేయండి. వాంతులు, కాళ్ళ తడబాటు కనపడితే లిథియం ఆపి, అదే రోజు రక్తం చూడాలని నేర్పాను. అది అతను చెయ్యలేదు. అందుకు మొక్కు సంగతి తెలియక్కర్లేదండీ. తన చేత్తో తను రాసుకున్న పేజీ చదువుకుంటే చాలు. ఆ రోజు పరీక్ష చేసుంటే ఈమె ఇవాళ గోడ పట్టుకోకుండా నడిచేది.”

“శిష్యుడి మీద బాగా కోపంగా ఉన్నట్టున్నారు.”

“ఆ పేజీ రాసినందుకు ముద్దొస్తున్నాడు. చదువుకోనందుకు కోపం. రెండూ ఉన్నాయి.”

సభ్యుల్లో ఒకావిడ నవ్వాపుకుంది. అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. “కృష్ణారావు గారూ, ఆమె చావడానికి మింగిందన్న వాదన ఇంకా ఉన్నట్టేనా?”

“అది సూచన మాత్రమేనండీ, పరిస్థితుల్ని బట్టి...”

“ఆ వాక్యం తీసేయండి సార్” అన్నాడు హేమసుందర్. లాయరు చొక్కా పట్టి లాగుతున్నా లేచి నిలబడే ఉన్నాడు. “నేను రాసిన కాగితంలో ఎక్కడా ఆ మాట లేదు. జవాబులో పెడుతుంటే చూసి ఊరుకున్నాను. ఆమె అలా చేసిందని నేనెప్పుడూ అనుకోలేదు.”

ఇన్నయ్యకి అక్కడి పద్ధతులు తెలియవు. ఉన్నచోటే లేచి గట్టిగా అడిగాడు. “అంటే మా ఆడమనిషి మింగలేదనేగా అండీ?”

గుమాస్తా కూచోమని చెయ్యి ఊపాడు. అధ్యక్షుడు గుమాస్తాని ఆపి హెప్సిబా వైపు చూశాడు.

“మింగలేదయ్యా” అందావిడ. “నువ్విచ్చినవే వేసుకుంది.”

లాయరు ఆ వాదన వదులుకుంటున్నట్టు కాగితం మీద రాసిచ్చాడు. నిర్లక్ష్యం సంగతి, పరిహారం సంగతి తీర్పులో చెబుతామన్నారు. అది రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. శౌరమ్మ తరఫునే వచ్చింది. ఈలోగా హెప్సిబాని డాక్టర్ల సంఘం వార్షికోత్సవానికి పిలవడం మర్చిపోయారు. ఆవిడ క్లినిక్‌లో మాత్రం లిథియం వాడే ప్రతి రోగినీ ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఉపవాసాలు, మొక్కులు, రంజాన్ రోజాలు, దీక్షలు ఏవైనా సరే. అడిగేది బుల్లెమ్మ, ఎందుకంటే ఆమెకైతే నిజం చెబుతారు.

కానీ శౌరమ్మ తీర్పు దాకా ఆగలేదు. ఆ రోజే వరండాలోకి రాగానే గోడకి ఆనుకుని నిలబడింది. హేమసుందర్ దగ్గరికొచ్చి చేతులు జోడించబోతే, “మీ సంగతి తరవాత డాక్టరు గారూ” అని పక్కకి నిలబెట్టింది. ఇన్నయ్య చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు.

“ఫోను తీయండి. రావమ్మకి చెయ్యండి.”

“ఇంటికెళ్ళి చేద్దాంలేవే. ఇక్కడ అందరూ...”

“అది నలుగుర్లో చెప్పింది. మీరూ నలుగుర్లో చెప్పండి. స్పీకరు పెట్టండి.”

ఇన్నయ్య చుట్టూ చూశాడు. బ్లెస్సీ ఉంది, గుమాస్తా ఉన్నాడు, వేరే కేసులకి వచ్చిన పదిమంది ఉన్నారు. హెప్సిబా చేతిసంచీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడింది. ఫోను మోగింది.

“ఏంటన్నయ్యా, ఏమైంది?” అని అవతల గొంతు.

“రావమ్మా, మీ వదిన మింగలేదే.”

“నేనెప్పుడన్నా అట్టా?”

“అన్నావు. నేనూ నమ్మా.” ఇన్నయ్య గొంతు పెంచాడు. “తప్పు మనదే. డాక్టరమ్మ గారు చెప్పారు, అవతలి డాక్టరు గారు కూడా ఒప్పుకున్నారు. అందరి ముందూ.”

అవతల ముక్కు చీదిన చప్పుడు. తరవాత చిన్నగా వినిపించింది. “ఏదీ, వదినకియ్యి.”

శౌరమ్మ ఫోను తీసుకుంది. చెయ్యి వణుకుతుంటే ఇన్నయ్య కింద నుంచి తన చెయ్యి పట్టాడు. ఈసారి ఆమె వద్దనలేదు.

“ఏడవమాకు రావమ్మా” అంది, ఒక్కో మాటా తీరిగ్గా. “ఆదివారం చర్చికి రా. వచ్చి నా పక్కన కూచో.”